కాగితము వేఱు, పత్రిక వేఱు: రామనాథ గోయెంకాగారి నిష్ఠురవాక్కు



ఈ సంవత్సరపు సంచికకు, వర్తకవృత్తినుండి వచ్చి దేశచరిత్రయందు నిలిచిన యొకరిని గుఱించి వ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరిరి. ఇట్టి సంచికలలో జీవితచరిత్రలు వ్రాయుటకు మనకొక పద్ధతి యేర్పడియున్నది. జననము, వంశము, బాల్యమున పడిన కష్టములు, పిదప గడించిన ధనము, కట్టించిన సత్రము, ఇచ్చిన విరాళము, తుదకు కీర్తిశేషత. మధ్యలో దోషమనునది మచ్చుకైనను కనబడదు. ముప్పదియైదేండ్లు బడిపంతులనై పిల్లల వ్యాసములు దిద్దినవాడను. ఒక్క తప్పును లేని వ్యాసమును చూచినపుడెల్ల, ఇది యెవరో వ్రాసి యిచ్చినది కాబోలునని నాకు శంక కలుగుట యలవాటైనది. కావున గుణములును దోషములును రెండును దండిగా గల యొక మనుష్యుని నేనెన్నుకొంటిని. ఆయన ఇండియన్ ఎక్స్‌ప్రెస్, దినమణి, ఆంధ్రప్రభ మొదలగు పత్రికలకు అధిపతియైన రామనాథ గోయెంకా.

మన నూటరెండు గోత్రములలో ఆయన గోత్రము లేదు. ఆయన మార్వాడీ అగర్వాలుడు. 1904వ సంవత్సరమున బీహారు దేశములోని దర్భంగాలో జన్మించినవాడు. మన పెనుగొండకును ఆయన దర్భంగాకును సంబంధము లేదు. అయినను త్రాసు పట్టినవాని చూపు ఎక్కడనైన నొక్కటియే. యౌవనారంభమున చెన్నపట్టణము చేరి, నూలు, బట్టల వ్యాపారమున నలిగి, ఆ నగరమునే తన కార్యరంగముగా చేసికొని, తెలుగువారికొక గొప్ప దినపత్రికను నెలకొల్పిన వర్తకుని మనవాడనుకొనుటకు నాకు సంకోచము లేదు. ఆయన నోరు మాత్రము మంచిది కాదు. దానిని గుఱించియే ఈ వ్యాసము.

మొదట మా యంగడి సంగతి చెప్పవలసియున్నది. పాణ్యములో మా పెదనాన్నగారికి కిరాణా దుకాణముండెను. నా బాల్యమున ఆ దుకాణమునకు ఆంధ్రప్రభ వచ్చుచుండెను. విజయవాడనుండి గుంటూరు మీదుగా నంద్యాలకు, అచ్చటినుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గమున మా యూరున్నది. ఆ దినములలో మీటరుగేజి బండి. పత్రిక కట్ట ఆ బండి వచ్చినప్పుడు వచ్చెడిది, రానప్పుడు లేదు. వచ్చిన దినమున అది పత్రిక. పెదనాన్నగారు గల్లాపెట్టె యొద్ద కూర్చుండి సంపాదకీయమును బిగ్గరగా చదువుదురు. బేరమునకు వచ్చిన రైతులు చింతపండు బుట్టల నడుమ నిలిచి విందురు. మఱునాడది పొట్లము. జీలకఱ్ఱకు చిన్న ముక్క, బెల్లమునకు పెద్ద ముక్క. పాతకాగితము కిలో యెంతయో, దానిలో ఎన్ని పొట్లములు వచ్చునో ఆ వయస్సుననే నాకు కంఠోపాఠము. పత్రికకును కాగితమునకును గల భేదమొక్క రాత్రి మాత్రమేయని యానాడు తలచియుంటిని. అది యొక్క రాత్రి భేదము కాదని గోయెంకాగారి చరిత్ర చదివిన పిదప తెలిసినది.

ఆయన పత్రికారంగమునకు వచ్చిన వైనము సంక్షేపముగా చెప్పెదను. 1926లో, ఇంకను ఇరువదిరెండేండ్ల ప్రాయమున, మద్రాసు శాసనమండలికి ఆయన నియమితుడయ్యెను. ఎన్నికయైన సభ్యుడు కాడు, దొరతనమువారు కూర్చుండబెట్టిన సభ్యుడు. కూర్చుండబెట్టినవాడు తమ పక్షమున చేయెత్తునని దొరలు తలంచుట సహజమే. ఈయన స్వతంత్రపక్షమువారితో గూడి ప్రభుత్వమును విమర్శింప దొడగెను. ఇక ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికను 1932లో చెన్నపట్టణమున స్థాపించినవారు డాక్టరు పి. వరదరాజులు నాయుడుగారు. అది నష్టములలో పడి ఫ్రీప్రెస్ సదానందుగారి చేతికి పోయెను. 1934లో ఆయనయే దినమణి యను తమిళపత్రికను తోడుచేసెను. అప్పులు తీరక, ఆ తరువాతి యొకటిరెండు వత్సరములలో రెండును గోయెంకాగారి వశమయ్యెను. ఋణపత్రములు కొని సంస్థను చేజిక్కించుకొనుట వర్తకులకు తెలిసిన మార్గమే. ఇందులో వీరగాథ లేదు.

1940లో ఎక్స్‌ప్రెస్ కార్యాలయము అగ్నిప్రమాదమున దగ్ధమయ్యెను. అప్పుడు ఆదుకొన్నది ఎదుటి దుకాణమైన హిందూ పత్రిక. పత్రిక వెలువడుటకు వలసిన ముద్రణసహాయము చేయుటయే గాక, తాము ఖాళీచేసిన మౌంటురోడ్డు భవనమును అద్దెకిచ్చిరి. ఎదుటి యంగడి తగులబడినపుడు నీళ్లకుండతో పరుగెత్తు వర్తకులు మన నంద్యాల బజారులోను లేకపోలేదు. అయినను చదివినపుడు మనస్సు చల్లబడు సంగతి గనుక వ్రాసితిని.

ఇప్పుడు 1942. ఆగస్టు 8వ తేదీన బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానము. మఱునాటి యుదయమునకే గాంధీమహాత్ముడు మొదలగు నాయకులందఱు చెఱసాలలలో. దేశమంతట అలజడి. అప్పుడు ప్రభుత్వమువారు పత్రికలకు విధించిన నిర్బంధములు సామాన్యములు కావు: ఉద్యమవార్తలను అధికారులు ఒప్పుకొన్న మూలముల నుండియే గ్రహింపవలెను, ఒప్పుకొన్నంతయే ప్రచురింపవలెను. అనేక పత్రికలు లోబడి నడచినవి, కొన్ని మూతపడినవి. గోయెంకాగారు ఎక్స్‌ప్రెస్‌ను నిలిపివేసిరి. ఆ సందర్భమున వెలువడిన సంపాదకీయమునకు పెట్టిన శీర్షికను తెలుగున చెప్పవలెనన్న, గుండెతీగలు, రొక్కపుసంచి త్రాళ్లు అని చెప్పవలసియుండును. అందలి సారము రెండు ముక్కలలో నున్నది. ఇట్లే ప్రచురించుచు పోయినచో ఎక్స్‌ప్రెస్‌ను కాగితమని పిలువవచ్చునుగాని వార్తాపత్రికయని పిలువరాదు.

ఆంగ్లమున పేపరు, న్యూస్‌పేపరు అను రెండు పదముల నడుమ నాడిన శ్లేష యిది. మన పల్లెలలో రెంటికిని పేపరు అనియే పేరు గనుక శ్లేష మనకు మఱింత చక్కగా పట్టుబడును. అలంకారశాస్త్రము చదువుకొన్నవారు శ్లేషను పండితవినోదమందురు. ఇది వినోదము కాదు, పద్దు. వార్త తీసివేయగా మిగిలినది కాగితము. కాగితము వెల పాతకాగితపు వెల. ఆ వెలకు పత్రికయని పేరుపెట్టి అమ్ముట కల్తీ సరకమ్ముటయే. బియ్యమున రాళ్లు కలిపినవానిని మనమేమందుమో ఆ మాటనే ఆయన తన పత్రికను గుఱించి తానే యనుకొనెను.

ఈ మాటను తేలికగా ఆస్వాదించి ముందునకు పోవలదని మనవి. మనలో అంగళ్లు నడిపినవారందఱు ఒక్కసారి లెక్క వేసికొనవలెను. దినపత్రిక నొకనాడు మూసిన నేమగును? యంత్రములు కదలకున్నను వానిపై వడ్డీ కదలుచునే యుండును. కంపోజిటర్లకు, విలేఖరులకు జీతములు. చందాదారుడు పదిదినములు వేచి, పదునొకండవ దినమున వేఱొక పత్రికకు పోవును. ఒకసారి మఱిగిన చేయి మరల రాదు. ప్రకటనలిచ్చువాడు అంతకంటె ముందే పోవును. కఱవుకాలమున కొట్టు మూసికొన్నవాడు సరకునైన మిగుల్చుకొనును. వార్త యను సరకు నిలువ యుండునది కాదు, నేటిది రేపటికి పొట్లము. ఇంత తెలిసిన వర్తకుడు, లెక్క తప్పి గాక, లెక్క వేసియే తలుపు మూసెను. పత్రిక కొంతకాలమునకు మరల వెలువడినది. ఆయన పరుషవాక్యములలో నేను మిక్కిలి గౌరవించునది యిదియే. ఏలనన, ఆ మాటకు వెల చెల్లించినవాడు ఆయనయే.

సంస్కృతము చదివినవారికి ఇచ్చట కిరాతార్జునీయ ప్రథమసర్గము జ్ఞప్తికి రాక మానదు. ధర్మరాజు పంపిన వనచరుడు దుర్యోధనుని పరిపాలనమును చాటున పరికించి వచ్చి, శత్రువు బాగుగనే యేలుచున్నాడను అప్రియవార్తను ప్రభువునకు విన్నవింపవలసినవాడు. అబద్ధమాడడు, కాని విషయమున ప్రవేశించుటకు ముందు, పరుషముగా నున్నను మన్నింపుమని వేడుకొనును. భారవి మహాకవి ఆ వేటగానియందు నిజమును, మర్యాదను రెంటిని నిలిపెను. గోయెంకాగారియందు మొదటిది మాత్రమే యుండెనని ఆయనను దగ్గఱ నెఱిగినవారి మాట. ఖద్దరు ధోవతి, శాకాహారము, నిరాడంబరజీవనము. నోరు తెఱచిన తిట్టు. మంత్రికొకటి, మేనేజరున కొకటి యని రెండు నాలుకలు లేవు. పేరుపొందిన పాత్రికేయుడు బి.జి. వర్గీసుగారు 1980 తరువాతి కొన్నియేండ్లు ఆయనక్రింద సంపాదకుడుగా పనిచేసి, పిమ్మట 2005లో ఆయన జీవితమును గ్రంథముగా వ్రాసిరి. కోపిష్ఠి యజమానిక్రింద పనిచేసినవాడు ఆయన పోయిన పదునాలుగేండ్లకు గూడ కూర్చుండి గ్రంథము వ్రాసెనన్న, ఆ కోపమున నేదియో యొక యాకర్షణము లేకపోదు.

ఆయన హాస్యమునకు నిదర్శనముగా నేడు మిక్కిలి ప్రచారములో నున్న కథ యొకటి గలదు. 2016 నవంబరులో ఢిల్లీయందు ఆయన పేర పత్రికాపురస్కారములిచ్చు సభలో, ప్రధానమంత్రి వేదికపై నుండగా, ఎక్స్‌ప్రెస్ సంపాదకుడే చెప్పిన కథ. ఒక ముఖ్యమంత్రి గోయెంకాగారితో, మీ విలేఖరి మా రాష్ట్రమున చాల చక్కగా పనిచేయుచున్నాడని మెచ్చుకొనెనట. గోయెంకాగారు ఆ విలేఖరిని ఉద్యోగమునుండి తొలగించెనట. కథ యంతే. సభలో ఎందఱు నవ్విరో, ఎందఱు నవ్వు నాపుకొనిరో నేనెఱుగను. మా విద్యాశాఖలో ఇట్టి న్యాయము లేకపోయినది. తనిఖీకి వచ్చిన దొరగారు మెచ్చిన పంతులునకు మంచి యూరికి బదిలీ; మెచ్చని పంతులునకు నల్లమల యంచున నొక పల్లె. గోయెంకాగారి కొలబద్దతో కొలిచిన, నా సర్వీసులో నేనెన్నిమాఱులు ఉద్యోగము పోగొట్టుకొనియుందునో!

అయినను కథ విని నవ్విన పిదప నాకొక సందేహము మిగిలినది. ఆ విలేఖరి యింట ఆ నెల బియ్యమెట్లు వచ్చినవి? మెచ్చినది ముఖ్యమంత్రి, ఆ మెప్పు నతడు కోరెనో, కోరకయే వచ్చి మీద పడెనో కథలో లేదు. యజమాని నిష్ఠురత యజమానికి భూషణము. దాని ఖర్చు వేఱొకని పద్దున వ్రాయబడినపుడు దానిని మనమెట్లు లెక్కింపవలెను?

ఈ ప్రశ్న ఆంధ్రప్రభ చరిత్రయందు మఱింత పెద్దదియై కనబడును. ప్రభ 1938 ఆగస్టు 15వ తేదీన చెన్నపట్టణమున ఆరంభమయ్యెను. స్వాతంత్ర్యమునకు సరిగా తొమ్మిదేండ్లు ముందు, అదే తేదీన. ఇది యాదృచ్ఛికమే గాని చెప్పుకొనుటకు ముచ్చటగా నుండును. మొదటి సంపాదకులు ఖాసా సుబ్బారావుగారు, పిమ్మట న్యాపతి నారాయణమూర్తిగారు. 1942 నుండి నార్ల వేంకటేశ్వరరావుగారు. నార్లవారి కాలమున ప్రభ తెలుగునాట ఇంటింటి మాట యయ్యెను. ఆయన తెలుగు సూటిగా, పొట్టివాక్యములతో, సామాన్యుడు విన్నంతనే బోధపడునట్లుండెడిది. గ్రాంధికమున పెరిగిన నావంటివాడు ఆ శైలి నొప్పుకొనుటకు చాలకాలము పట్టినది. ఇప్పుడును చేయి పాతదారినే పోవుచున్నదని చదువరులకు తెలియుచునే యున్నది. అట్టి సంపాదకుడు, అట్టి యధిపతి: ఒకే యొరలో రెండు కత్తులు పదునేడేండ్లు ఇమిడియుండుటయే వింత.

పత్రికారచయితల పనిగంటలను, సెలవులను, జీతములను గూర్చి కేంద్రప్రభుత్వమువారు 1955లో నొక శాసనము చేసిరి. దాని ననుసరించి యేర్పడిన వేతనమండలి జీతముల పట్టికను నిర్ణయించెను. ఎక్స్‌ప్రెస్ సంస్థ సుప్రీంకోర్టున కెక్కెను. 1958లో కోర్టువారు శాసనమును మొత్తముమీద నిలిపి, పత్రికల చెల్లింపుశక్తిని ఆలోచింపకుండ చేసినదను కారణముచే వేతనమండలి నిర్ణయమును మాత్రము చెల్లదనిరి. మఱుసటి సంవత్సరమున కల్లోలము చెలరేగెను. ఆంధ్రప్రభను చెన్నపట్టణమునుండి విజయవాడకు తరలించి, వేఱొక కంపెనీ పేర నడపుటకు యాజమాన్యము నిశ్చయించినది. 1959 ఏప్రిలు మాసాంతమున పనివారు సమ్మె కట్టిరి. రెండు దినములకు యాజమాన్యము తలుపులకు తాళము వేసినది. ఆ వ్యాజ్యమును సుప్రీంకోర్టుదాక పోయినది. ఆ కల్లోలమున నార్లవారు ప్రభను వీడిరి. 1960లో విజయవాడనుండియే ఆంధ్రజ్యోతి వెలువడగా దానికి సంపాదకులైరి. ప్రభకు నీలంరాజు వేంకటశేషయ్యగారు వచ్చిరి.

1942లోను తలుపు మూసినది ఆయనయే, 1959లోను ఆయనయే. మొదటిసారి తలుపునకు వెలుపల నిలిచినవాడు తెల్లదొర. రెండవసారి నిలిచినవాడు సీసపు అక్షరములు కూర్చి కండ్లు పాడుచేసికొన్న కంపోజిటరు. మొదటిసారి గుండెతీగ మ్రోగినది, సంచిత్రాడు వదులైనది. రెండవసారి సంచిత్రాడు బిగిసినది. చెల్లింపుశక్తి యను మాట నానాడు ఆయన పక్షమువారు వాడిరి. కోర్టును దాని నంగీకరించినది గనుక న్యాయశాస్త్రమున తప్పు పట్టువాడను నేను కాను. వర్తకునిగా ఆయన వైపున చెప్పదగిన మాటలును లేకపోలేదు: రాష్ట్రమేర్పడిన పిదప తెలుగుపత్రిక తెలుగుగడ్డమీద అచ్చగుట యుచితమే, కృష్ణాతీరమునుండి మా సీమకు పత్రిక పోయి చేరుటకు నేరుగా రైలుమార్గ మున్నది. మా పెదనాన్నగారి గల్లాపెట్టె యొద్ద ప్రభ చదివిన దినములెల్ల ఆ తరలింపు ఫలమే. మా యూరి సౌకర్యమునకు చెన్నపట్టణమున నెవరో పనివారు పస్తులుండిరన్న సంగతి ఆ పత్రికలో మేము చదువలేదు. చాలకాలము తరువాత తెలిసికొంటిని.

ఇక ఆత్యయికస్థితి. 1975 జూన్ 25వ తేదీ రాత్రి అది ప్రకటింపబడెను. ఢిల్లీలో పత్రికాకార్యాలయములున్న వీథికి విద్యుచ్ఛక్తి నిలిచిపోయెను. తెల్లవారకముందే జయప్రకాశ నారాయణగారు నిర్బంధింపబడిరి. జయప్రకాశులు గోయెంకాగారికి ఆప్తమిత్రులు. వారి ఎవ్రిమన్స్, ప్రజానీతి వారపత్రికలు ఎక్స్‌ప్రెస్ ఛాయలోనే వెలువడుచుండెను. జూన్ 28వ తేదీ ఎక్స్‌ప్రెస్‌లో సంపాదకీయముండవలసిన చోట ఏమియు లేదు. తెల్లని కాగితము.

1942లో ఆయన, వార్త లేని పత్రిక కాగితమేయనెను. 1975లో ఆ కాగితమునే చూపెను. తిట్టులలో ఆరితేరినవాని నోట వెలువడిన మాటలన్నిటిలో మిక్కిలి పరుషమైనది ఆ మౌనమేయని నా యభిప్రాయము. అధికారులకును ఆ పరుషత బోధపడినది. సంపాదకీయస్థానమును ఖాళీగా విడుచుటయు కూడదని పిమ్మట పత్రికలకు ఆదేశములు వచ్చినవి. ఏమియు వ్రాయకుండుటకు గూడ అనుమతి కావలసిన కాలమది!

ఆ తరువాత పందొమ్మిది మాసములు ఆయనకు జరిగినది వర్తకులు శ్రద్ధగా చదువవలసిన పాఠము. ప్రభుత్వప్రకటనలు నిలిచినవి. బ్యాంకులు ఋణములకు ముఖము చాటువేసినవి. ప్రభుత్వానుకూలురతో కూడిన పాలకవర్గమును సంస్థనెత్తిన కూర్చుండబెట్టిరి. 1976లో ఆయనకు గుండెజబ్బు చేసెను. అదే యేడు పన్నుబకాయిల నెపమున ఢిల్లీ ముద్రణాలయమునకు ముద్రలు వేయగా, కోర్టుకు పోయి తెఱపించుకొనిరి. కాళ్లు చేతులు కట్టకుండ, ఊపిరి మాత్రము కట్టు పద్ధతి యిది. అప్పటికాయన డెబ్బదియేండ్లు దాటినవాడు. 1971లో జనసంఘము పక్షమున విదిశనుండి లోక్‌సభకు ఎన్నికైనవాడగుటచే ఆయన పోరాటమున రాజకీయపక్షపాతమున్నదని యనినవారు లేకపోలేదు. ఉండవచ్చును. పక్షపాతమున్నవారందఱును అన్ని ఆస్తులను పణముగా నొడ్డలేదు గదా.

ఆ దినములలో నేను పదునైదేండ్లవాడను. మా పాణ్యమున ఆత్యయికస్థితి యనగా రైళ్లు వేళకు వచ్చుట, పెద్దలు మెల్లగా మాటలాడుట. పెదనాన్నగారు సంపాదకీయమును బిగ్గరగా చదువుట మానిరి. ఎందులకని యడిగితిని. "ఇందులో చదువుటకేమున్నదిరా, నేరుగా పొట్లమునకు పనికివచ్చును" అనిరి. ఢిల్లీలో గోయెంకాగారేమి చేయుచున్నారో ఆయనకు తెలియదు. 1942 నాటి మాటయు తెలియదు.

1977 మార్చిలో ఎన్నికలు. ఆంధ్రప్రదేశమున 42 లోక్‌సభాస్థానములు; అందు 41 కాంగ్రెసువారికి పోయినవి. మిగిలిన యొక్కటి మా పాణ్యము చేరియున్న నంద్యాల. అచ్చట గెలిచినవారు జనతాపక్షపు నీలం సంజీవరెడ్డిగారు. వారు మొదట లోక్‌సభకు సభాపతులై, ఆ జూలైలోనే రాష్ట్రపతులైరి. ఉత్తరదేశమంతయు నొకవైపు, ఆంధ్రదేశమంతయు నొకవైపు ఒరిగిన యేట, 1928లో ఈ సీమకు రాయలసీమయను నామకరణము జరిగిన నంద్యాల మాత్రము తన దారిని తాను పోయినది. ఇది ఎక్స్‌ప్రెస్‌లోని తెల్లకాగితము ప్రభావమని నేను చెప్పను. అట్లు చెప్పిన చరిత్ర కాదు, హరికథ. సంజీవరెడ్డిగారు సీమవారు, రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి. ఆ పలుకుబడియే ప్రధానము. కాని ఫలితము వచ్చిన మఱునాడు పెదనాన్నగారు ప్రభను మరల బిగ్గరగా చదివిరి. ఆ ప్రతిని పొట్లములకు చింపనీయలేదు.

విజయకాలమునను గోయెంకాగారు గోయెంకాగారే. ఆత్యయికస్థితి నడుమ ఎస్. ముల్గావ్‌కర్ గారిని తొలగింపవలసివచ్చినపుడు, వి.కె. నరసింహన్ గారు సంపాదకభారమును వహించి, తనిఖీదారుల కత్తెరల నడుమ పత్రికను వెన్నువంచకుండ నడపిరి. ఎన్నికలు ముగిసి స్వేచ్ఛ మరలి వచ్చినంతనే ముల్గావ్‌కర్ గారు తిరిగి వచ్చిరి. నరసింహన్ గారు స్థానము వదలవలసినవారైరి. వానలో గొడుగు, ఎండవచ్చిన పిదప మూల. ఆ సాధువు దక్కన్ హెరాల్డు పత్రికకు సంపాదకులై, కడపటికి మన సీమయందే పుట్టపర్తి చేరి, సనాతనసారథి పత్రిక సేవలో శేషజీవితము గడపిరి. ఆయన యెచ్చటను నిష్ఠురమాడినట్లు నేను చదువలేదు. నిష్ఠురవాక్కే ధైర్యమునకు గుఱుతనుకొను మన పడుచువారికి నరసింహన్ గారి పేరు గూడ తెలిసియుండుట మంచిది.

తరువాతి దశాబ్దమున కథ పెద్దదే గాని మన విషయమునకు కొంత దూరము. వార్తాకాగితముపై విధించిన సుంకమును గూర్చి 1984లో ఒక తీర్పు, ఢిల్లీ భవనమును గూర్చి 1985లో నొక తీర్పు సుప్రీంకోర్టునుండి ఎక్స్‌ప్రెస్ వ్యాజ్యములలోనే వెలువడి, పత్రికాస్వాతంత్ర్యమునకు న్యాయశాస్త్రమున ప్రమాణములైనవి. అరుణ్ శౌరీని సంపాదకునిగా తెచ్చుట, పంపుట, మరల తెచ్చుట, మరల పంపుట జరిగినది. బట్టల మిల్లులవారితో పోరు, బోఫోర్సు ఫిరంగుల కాలమున కార్యాలయములపై సోదాలు, 1987లో ఢిల్లీ పనివారి దీర్ఘమైన సమ్మె. ఆ పోరులలో కొన్ని దేశముకొఱకు, కొన్ని స్వంతపంతముకొఱకు. ఏది యేదియో విడదీయుట ఆయనకే తెలిసియుండునో లేదో.

ఆయన 1991 అక్టోబరు 5వ తేదీన బొంబాయిలో మరణించెను. మఱుసటి నెలలోనే ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు మన నంద్యాలనుండి లోక్‌సభకు ఉపయెన్నికలో గెలిచిరి. ఆ సందడిలో మా వీథిలో గోయెంకా మరణమును గుఱించి మాటలాడినవారు ఇద్దఱు ముగ్గురే. ఆయన వారసులు పత్రికలను ఉత్తరము, దక్షిణము అని పంచుకొనిరి. ప్రభ తరువాత చేతులు మాఱినది. పెదనాన్నగారు దాచిన 1977 నాటి ప్రతి ఆయన ఆవర్జాపుస్తకముల నడుమ మా యింట నున్నది. మడతలయందు చిరిగి పొడి రాలుచున్నది. బెల్లపు వాసన యింకను పోలేదు.

ఈ వ్యాసము చిత్తుప్రతిని చూచిన మన సంచికావర్గములోని మిత్రు లొకరు, "మాస్టారూ, అంతయు బాగున్నది, ఆ 1959 నాటి సమ్మె సంగతి మాత్రము లేకుండ చేయరాదా? వెనుకపుటలలో ప్రకటనలిచ్చిన మనవారిలో పనివారితో తగవులున్నవారు ఇద్దఱున్నారు, నొచ్చుకొందురేమో" అని మర్యాదగా నడిగిరి. వారి యిబ్బంది నాకు తెలియును. సంచికకు కాగితము ఖర్చు, అచ్చుఖర్చు ఆ ప్రకటనలనుండియే వచ్చును. కావున పట్టుపట్టక, సంపాదకవర్గమువారికి నాదొక్కటే విన్నపము. ఆ భాగము తగదని తోచినచో తీసివేయుడు. కాని దాని స్థానమున వేఱొక ప్రకటన వేయక, ఆ మేరకు పుటను తెల్లగా విడిచిపెట్టుడు.